సాయంత్రపు కేంద్రం బాగుందా? ముందు హాజరు పట్టీ చూపించమనండి

బడి తర్వాత నడిచే కేంద్రం ఏ పిల్లల కోసం పెట్టారో, ఆ పిల్లలే అందరికంటే ముందు రావడం మానేస్తారు. గొడవేం ఉండదు, ఫిర్యాదూ ఉండదు. సోమవారం రాడు, బుధవారం వస్తాడు, పై వారం అసలు కనిపించడు. నెల తిరిగేసరికి ఆ కుర్చీలో ఇంకో పిల్లవాడు కూర్చుని ఉంటాడు. ఇంట్లో చదివించే దిక్కున్నవాడు, ఈ కేంద్రం లేకపోయినా నెట్టుకొచ్చేవాడు. గది నిండుగానే ఉంటుంది, ఫొటోలూ బాగానే వస్తాయి. ఈ సేవకు మార్కులు వేయడంలో ఉన్న చిక్కంతా ఇదే.

ఇక్కడ చూస్తున్నది ఫలానా కేంద్రాన్ని కాదు, ఈ సేవ మామూలుగా దొరికే రూపాన్ని. వారానికి ఐదు రోజులు, బడి విడిచిన దగ్గర్నుంచి రెండున్నర మూడు గంటలు. బడిలోనే ఒక గదో, నలుగురూ వాడుకునే హాలో. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలు పాతిక నుంచి నలభై మంది. జీతం తీసుకునే కోఆర్డినేటర్ ఒకరు, వచ్చీపోయే వాలంటీర్లు కొందరు. పిల్లల దగ్గర ఫీజు ఉండదు. చదువులో రెండేళ్లో మూడేళ్లో వెనకబడి, ఇంట్లో పట్టించుకునే పెద్దలు లేకో, ఉన్నా తాగుడూ గొడవలతో సతమతమవుతూనో, బడి వదిలేసి పనికి పోయే అంచున ఉన్న పిల్లలకు ఇది ఏ మేరకు పనికొస్తుందన్నదే ప్రశ్న. మా మాట: బాగా నడిపితే ఐదుకు నాలుగు. సాధారణంగా నడుస్తున్న తీరుకు రెండున్నర దాటదు.

హాజరు పట్టీతో మొదలుపెడదాం. కేంద్రానికి వెళ్లగానే గోడమీది బొమ్మల దగ్గర ఆగిపోకుండా గడిచిన ఎనిమిది వారాల పట్టీ అడగండి. రోజుకు ఎంతమంది వచ్చారన్న మొత్తం చూడొద్దు, ఒక్కో పేరు వెంట అడ్డంగా చదవండి. ముప్పై మంది చేరిన చోట రోజుకు సగటున ఇరవై మంది వస్తున్నారంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ పదిహేను మంది రోజూ వచ్చి, మిగతా పదిహేను మంది మూడు రోజులకోసారి తొంగిచూసినా సగటు ఇరవయ్యే. ఆ రెండో పదిహేను మంది ఎవరో అడగండి. పేర్లు టకటకా చెప్పి, ఒక్కొక్కరూ ఎందుకు రావడం లేదో కూడా చెప్పగలిగితే ఆ కోఆర్డినేటర్‌కు పని తెలిసినట్టే. 'పిల్లలండీ, ఒకరోజు వస్తారు, ఒకరోజు రారు' అంటే మిగతా సమీక్ష అక్కర్లేదు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఊరి యువకులే వాలంటీర్లుగా, బడి వేళ దాటాక చదవడం నేర్పిన శిబిరాలపై 2010లో ఒక అధ్యయనం వచ్చింది. వచ్చిన పిల్లలు చదవడంలో స్పష్టంగా ముందుకెళ్లారు. అయితే ఆ ఊళ్లలోని పిల్లల్లో శిబిరానికి వచ్చింది 8 శాతమే. మందు పనిచేస్తుంది, వేసుకునేవాళ్లే లేరు. అందుకే నేర్పే పద్ధతి గురించి గంటసేపు చెప్పి, రానివాళ్ల గురించి నిమిషం కూడా చెప్పలేని కేంద్రాలంటే మాకు నమ్మకం తక్కువ.

రాకపోతే ఏం చేయాలన్నదానికి రాసిపెట్టిన పద్ధతి ఉండాలి. మొదటి రోజు రాకపోతే ఆ సాయంత్రమే ఫోన్. వరుసగా మూడో రోజు కూడా రాకపోతే ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి రావాలి. వెళ్లినవాళ్లు 'ఎందుకు రాలేదు' అని నిలదీయకూడదు. 'నిన్న నీ జట్టులో ఒకరు తక్కువయ్యారు, ఆట సగంలో ఆగింది' అంటే చాలు. పట్టీలో ఆ ఫోన్‌కూ ఆ రాకపోకకూ ఒక గడి ఉండాలి. గడి లేకపోతే పని జరగదు. అందరూ మంచివాళ్లే, కానీ అందరూ ఇంకెవరో చేశారనుకుంటారు.

ఎందుకు మానేస్తారో కనుక్కుంటే కారణాలు పెద్దవేం కావు. చెల్లెల్ని చూసుకునే బాధ్యత తనది, కేంద్రం చెల్లెల్ని రానివ్వదు. తిరిగి వెళ్లేటప్పటికి చీకటి పడుతుంది, దారిలో కుక్కలో, ఏడిపించే పెద్ద కుర్రాళ్లో ఉంటారు. ఒకరోజు ఆలస్యంగా వస్తే గుమ్మం దగ్గర నిలబెట్టారు. అందరి ముందు పైకి చదవమన్నారు. వీటిలో ఒక్కదానికీ పెద్ద నిధులు అక్కర్లేదు. చిన్న పిల్లలకు ఒక మూల చాప, బొమ్మలు, చూసుకునేందుకు ఒక మనిషి. ఒకే దారిన పోయే పిల్లల్ని గుంపుగా పంపి, చివరి ఇంటిదాకా ఒక పెద్దవాళ్లు తోడు వెళ్లడం. ఆలస్యానికి శిక్ష ఎత్తేయడం. ఇల్లు దాటి రావడమే యుద్ధమైన పిల్లకు పావుగంట ఆలస్యం తప్పు కాదు.

ఇక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మొదటి ఇరవై నిమిషాలు చాలాచోట్ల పాడుచేస్తారు. పొద్దుట్నుంచి బల్ల మీద కూర్చున్న పిల్లల్ని మళ్లీ వరుసలో కూర్చోబెట్టి, పేర్లు పిలిచి, క్రమశిక్షణ మీద నాలుగు మాటలు చెప్పి పుస్తకాలు తీయమంటారు. ఆకలితో ఉన్న పిల్లవాడికి అక్షరాలు కాదు, గోడ గడియారం కనిపిస్తుంది. తినడానికి ఏదైనా, తాగడానికి నీళ్లు, గడియ ఉన్న మరుగుదొడ్డి, ఆ తర్వాత పరుగెత్తడానికి కాస్త చోటు. ఇవన్నీ అయ్యాకే పాఠం. తిండి అందరికీ ఒకేలా, ఒకేసారి పెట్టాలి. 'ఇంట్లో తినని వాళ్లు చేతులెత్తండి' అనే పద్ధతి ఉన్న చోట ఆకలితోనైనా ఉంటారు గానీ చెయ్యెత్తరు. ఇంకో మాట. ఈ ఇరవై నిమిషాల్లో గుమ్మం దగ్గర ఒక పెద్దవాళ్లు నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించాలి. పలకరింపుకే కాదు, చూపుకు కూడా అది అవసరం. కొత్త దెబ్బ, నిద్రలేని కళ్లు, నిన్నటి బట్టలు గుమ్మం దగ్గరే కనబడతాయి.

హోంవర్క్ విషయంలో ఈ సేవ బాగా వెనకబడి ఉంది. ఐదుకు రెండే.

ఆరో తరగతి పిల్లవాడి నోట్సు తీసి చూడండి. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, జవాబులన్నీ ఒప్పే, ఎర్ర సిరా టిక్కులు. అదే పేజీలో ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవమనండి. 'నీళ్లు తాగొస్తా' అంటాడు. రేపు మళ్లీ అడగండి, మళ్లీ నీళ్లే. వాడికి చదవడం రాదు, చూసి గీయడం వచ్చు. పక్కన కూర్చున్న వాలంటీర్ జవాబు చెబుతుంటే, లేదా తెలిసిన పిల్లవాడి పుస్తకం చేతికిస్తే హోంవర్క్ పూర్తవుతుంది, బడిలో దెబ్బలు తప్పుతాయి, కేంద్రం నివేదికలో '100 శాతం' అని పడుతుంది. చదువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అమెరికా ప్రభుత్వం నడిపే అతి పెద్ద బడి తర్వాతి పథకాన్ని పరిశీలించి 2005లో ఇచ్చిన తుది నివేదికలోనూ ఇంచుమించు ఇదే తేలింది. పిల్లలు బడి తర్వాత మరింత భద్రంగా ఉన్నట్టు అనుకున్నారు గానీ చదువు ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. భద్రత చిన్న విషయం కాదు. కానీ చదువు పేరు చెప్పి నిధులు తెచ్చి భద్రత ఒక్కటే ఇస్తే, ఆ మాట ఒప్పుకోవాలి కదా.

చేయాల్సిన పని తెలియనిదేం కాదు. చేరిన మొదటి వారంలోనే ప్రతి పిల్లవాడినీ విడిగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు చూడాలి. అక్షరాలు, తర్వాత విడి మాటలు, తర్వాత నాలుగు తేలిక వాక్యాలు, తర్వాత ఒక చిన్న కథ. ఎక్కడ ఆగితే అదే వాడి మెట్టు. లెక్కలకూ అంతే: అంకెలు గుర్తుపట్టడం, అప్పు తీసుకునే తీసివేత, భాగహారం. ఇక గుంపులు తరగతిని బట్టి కాదు, మెట్టును బట్టి. ఒక పెద్దమనిషికి నలుగురికి మించకూడదు. ఒక్కో విడత అరగంట. వారానికి కనీసం మూడు రోజులు, అదే మనిషి దగ్గర. రెండు నెలలకోసారి మళ్లీ అదే ఐదు నిమిషాల పరీక్ష. బడి పెట్టిన హోంవర్క్‌కు పాతిక నిమిషాలు ఇవ్వండి, అంతకు మించొద్దు. పూర్తికాకపోతే 'ఇంతవరకే చేయగలిగాడు' అని ఒక చీటీ రాసి పంపండి. కోఆర్డినేటర్ నెలకోసారైనా బడికి వెళ్లి మాట్లాడి ఉంటేనే ఆ చీటీకి విలువ. లేకపోతే ఆ చీటీ తెచ్చినందుకు కూడా పిల్లవాడికే తిట్లు.

పెద్ద పిల్లలతో ఒక జాగ్రత్త. పదమూడేళ్ల కుర్రాడిని అక్షరాల మెట్టులో ఎనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చోబెడితే ఆ సాయంత్రమే ఆఖరు. వాడికి వేరే మూల, వేరే వేళ, వాడి వయసుకు తగ్గ పాఠం ఉండాలి. మీసం వచ్చే వయసులో కోడిపిల్ల కథ చదవమంటే ఎవడు చదువుతాడు?

ఆటపాటలు, బొమ్మలు, నాటకం, 'జీవన నైపుణ్యాలు' అనే గంట. వీటి మీద చప్పుడు ఎక్కువ, పని తక్కువ. పిల్లల వ్యక్తిగత, సామాజిక నైపుణ్యాలు పెంచే 69 కార్యక్రమాలను కలిపి పరిశీలించి 2010లో అచ్చయిన విశ్లేషణలో ఫలితాలు నాలుగు లక్షణాలను బట్టి మారాయి. మెట్టు తర్వాత మెట్టుగా నేర్పడం, చెప్పడంతో ఆగకుండా చేయించడం, దానికంటూ సమయం కేటాయించడం, ఏం నేర్పుతున్నామో పేరు పెట్టి చెప్పడం. శుక్రవారం ఒక అతిథి వచ్చి 'కోపం మంచిది కాదు' అని అరగంట మాట్లాడటంలో ఈ నాలుగిట్లో ఒక్కటీ లేదు. అదే కోపం గురించి ఆరు వారాల పాటు వారానికి రెండు పొట్టి విడతలు పెట్టొచ్చు. మొదటి వారం కోపం వస్తే ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో చెప్పడం. రెండో వారం అక్కడి నుంచి నాలుగడుగులు పక్కకు జరగడం. మూడో వారం 'నువ్వు అలా లాక్కుంటే నాకు కోపమొచ్చింది' అని నోటితో అనడం. తర్వాత జంటలుగా నటించడం, చివరికి నిజం ఆటలో, ఓడిపోయిన రోజున, చేసి చూపించడం. చూడ్డానికి గొప్పగా ఉండదు. ఫొటోకి అసలే పనికిరాదు.

చాలామంది దాతలకు నచ్చని సంగతి ఒకటుంది. దారి తప్పే పిల్లలనే ఏరి, వాళ్లనే ఒక గదిలో పోగుచేస్తే మంచి జరగకపోగా చెడు జరగొచ్చు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనంలో 506 మంది అబ్బాయిలను రెండు సమాన గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏళ్ల తరబడి ఇంటికి వచ్చే సలహాదారు, చదువు సాయం, వైద్యం, వేసవి శిబిరాలు అందాయి. రెండో గుంపుకు ఏమీ లేదు. ఆ సాయం ముగిసిన ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి పట్టుకుని, ఫలితాలు 1978లో ప్రచురించారు. సాయం పొందినవాళ్లలో చాలామంది అది మాకు మేలు చేసిందనే చెప్పారు. లెక్కలు తిరగేసి చూస్తే తాగుడులో, మళ్లీ నేరం చేయడంలో, మరణాల్లో వాళ్ల పరిస్థితే అధ్వానంగా ఉంది. తర్వాతి విశ్లేషణలో ఆ నష్టం ముఖ్యంగా వేసవి శిబిరాలకు ఒకటి కంటే ఎక్కువసార్లు వెళ్లినవాళ్లలో కనబడింది. కారణం అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. ఒకడు తను చేసిన వెధవపని గొప్పగా చెబుతాడు, పక్కవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వే బహుమతి. పెద్దవాళ్ల మెచ్చుకోలు దాని ముందు ఎంత?

కాబట్టి చేర్చుకునేటప్పుడే కలిపి చేర్చుకోవాలి. పదిమంది గుంపులో బాగా గాడి తప్పినవాళ్లు ముగ్గురికి మించకుండా చూడటం మా లెక్క. ఆ ముగ్గుర్నీ ఒకే జట్టులో వేయకూడదు. పని లేని సమయం, చూసే మనిషి లేని మూల, ఈ రెండూ కలిసే చోటు కేంద్రంలో ఎక్కడా ఉండకూడదు. మెట్ల కింద, నీళ్ల కుండీ వెనక, బయట గోడవారగా ఏం జరుగుతోందో ఒకసారి నడిచి చూడండి. బోర్డు కూడా చూడండి. 'సమస్యాత్మక బాలల కేంద్రం' లాంటి పేరు గుమ్మం మీద ఉంటే ఆ గుమ్మం దాటే ప్రతి పిల్లవాడి నుదుటి మీదా అదే రాసినట్టు.

మనుషుల సంగతి ఈ సేవలో అన్నిటికంటే విలువైనది, అన్నిటికంటే అలుసుగా చూసేదీ. ఒక్కో పిల్లవాడికి ఒక్కో పెద్దవాళ్లను తోడుగా జతపరిచే బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ కార్యక్రమం మీద 1995లో వచ్చిన అధ్యయనం 959 మంది పిల్లల్ని చూసింది. తోడు దొరికినవాళ్లు మాదకద్రవ్యాలు మొదలుపెట్టడం 46 శాతం తక్కువ, బడి ఎగ్గొట్టడం 52 శాతం తక్కువ. ఇది అందరూ చెప్పే సగం. అవే వివరాలను మళ్లీ తిరగేసి 2002లో రాసిన రెండో సగాన్ని ఎవరూ చెప్పరు. ఏడాదికి మించి నిలిచిన జతల్లోనే మేలు ఎక్కువ. మూడు నెలల్లోపే తెగిపోయిన జతల్లో పిల్లలకు తమ మీద తమకున్న విలువ ఇంకా తగ్గింది. మధ్యలో వదిలేసే తోడు కంటే అసలు తోడు లేకపోవడమే నయం.

దీన్ని కేంద్రానికి అన్వయించి చూడండి. సెలవు రోజున వచ్చి, పిల్లలతో ఫొటోలు దిగి, మళ్లీ కనబడని వాలంటీర్లను ఎంతమందిని రానిస్తున్నారు? చేరేటప్పుడు కనీసం ఒక విద్యా సంవత్సరం వస్తానని, ఫలానా రోజులని రాయించుకుంటున్నారా? వాలంటీర్లు కాలేజీ పిల్లలైతే వాళ్ల పరీక్షల నెలలో కేంద్రం నడిచేదెలా? ఏడిచే పిల్లలు 'రేపు వస్తావా అక్కా' అని పదే పదే అడుగుతుంటే అది ముద్దుగా ఉందనుకోవద్దు. ఇంతకుముందు ఎంతమంది రాకుండా పోయారో ఆ ప్రశ్నలో ఉంది. వెళ్లిపోవాల్సిన వాళ్లు రెండు వారాల ముందే తేదీ చెప్పి, ఆ తేదీదాకా వచ్చి, బదులుగా వచ్చే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పరిచయం చేసి వెళ్లాలి. దాతలు డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే మా జవాబు మారదు: కోఆర్డినేటర్ జీతం. అదే మనిషి మూడేళ్లు నిలిస్తే పది కంప్యూటర్ల కంటే ఎక్కువ. కంప్యూటర్ గది, యూనిఫాం బనియన్లు, రంగుల గోడ గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

భద్రత విషయంలో సగం మార్కులు ఉండవు, ఉందో లేదో రెండే. పిల్లలతో మసిలే ప్రతి మనిషి నేపథ్యం ముందే విచారించాలి. ఏ పెద్దవాళ్లూ ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. మాట్లాడాల్సి వస్తే తలుపు తీసి, ఇంకొకరికి కనబడేచోట. ఆరేళ్లు దాటిన పిల్లలకు పది నుంచి పదిహేను మందికి ఒక పెద్దవాళ్లు ఉండాలి. ఎవరి పిల్లను ఎవరు తీసుకెళ్లొచ్చో రాసిన జాబితా ఉండాలి, అందులో పేరు లేనివాళ్లు 'మామయ్యనే' అన్నా పంపకూడదు. ఈ జాబితా చూపించమంటే సొరుగులు వెతికే కేంద్రానికి ఇక్కడ సున్నా.

అందరూ తడబడే చోటు ఇంకొకటి. రంగులు వేస్తూ వేస్తూ ఒక పిల్ల తలెత్తకుండా, 'ఎవరికీ చెప్పనంటేనే చెప్తా అక్కా' అంటుంది. 'చెప్పను' అని నోరు జారితే ఆ తర్వాత చేసేదంతా నమ్మకద్రోహమే. 'చెప్పనని మాట ఇవ్వలేనురా. నీకేం కాకుండా చూడాలంటే ఒకరికి చెప్పాల్సి రావచ్చు. ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తా' అనాలి. అలా అన్నా చాలామంది పిల్లలు చెబుతారు. చెబుతుంటే వినాలి. 'కొట్టాడా? ఎవరు, నాన్నేనా?' అని నోటికి మాట అందించకూడదు. అయ్యాక అరగంటలోపు, పిల్ల అన్న మాటలు అన్నట్టే, తేదీ, వేళ వేసి రాయాలి. అదే రోజు బాధ్యత గల మనిషికి, అక్కడి నుంచి పిల్లల రక్షణ చూసే అధికారులకు చేరాలి. ఇంటికి వెళ్లి 'మీ అమ్మాయి ఇలా చెప్పింది, నిజమేనా' అని అడిగిన వాలంటీర్ మంచి మనసుతోనే అడుగుతారు. ఆ రాత్రి దెబ్బలు మాత్రం పిల్లకే. కొత్త వాలంటీర్‌ను పక్కకు పిలిచి, 'ఇలా జరిగితే ఏం చేస్తారు' అని అడిగి చూడండి. శిక్షణ ఇచ్చారో లేదో అర నిమిషంలో తెలిసిపోతుంది.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. మత్తుకు బాగా అలవాటుపడిన పిల్లవాడికి, తనకు తాను హాని చేసుకుంటున్న పిల్లకు, ఇంట్లో ఉండటమే ప్రమాదమైనవాళ్లకు సాయంత్రం మూడు గంటలు చాలవు. వాళ్లకు వైద్యులు, కౌన్సెలర్లు, రక్షణ కావాలి. మంచి కేంద్రం అది గుర్తించి తనే వెంటబెట్టుకుని తీసుకెళ్తుంది, తర్వాత కూడా కుర్చీ ఖాళీగా ఉంచుతుంది. 'మా దగ్గర అన్నీ నయమవుతాయి' అనే కేంద్రం జోలికి వెళ్లొద్దు.

ఒక్కసారే వెళ్లి చూసే వీలుంటే వార్షికోత్సవానికి వెళ్లకండి. పెద్ద సెలవుల తర్వాత రెండో రోజున వెళ్లండి, పట్టీలో గీతలు తెగేది ఎక్కువగా అక్కడే. కోఆర్డినేటర్ కనబడకపోతే కంగారు పడొద్దు, ఎక్కడికెళ్లారో అడగండి. రాని పిల్లల పేర్లు చీటీ మీద రాసుకుని ఇళ్లకు బయల్దేరి ఉంటే, వచ్చేదాకా ఆ చాప మీదే కూర్చుని ఎదురుచూడండి.